ప్రార్థన: దాని ప్రయోజనము, దాని శక్తి



ప్రార్థన యను పదము మనకు క్రొత్తది కాదు. యాచించుట యను నర్థముగల ధాతువునకు ‘ప్ర’ యను నుపసర్గము చేరగా నేర్పడినది. మిక్కిలిగా వేడుకొనుట యని దాని భావము. వేడుకొనుట యన్నంతనే మూడు విషయములు మనస్సునకు వచ్చును: అడుగువాడు, అడుగబడు వస్తువు, ఇచ్చువాడు. లోకమున నడుగువాని చూపంతయు నా నడిమి వస్తువుమీదనే నిలుచును. వస్తువు చేతికి వచ్చినచో దాత ధర్మాత్ముడు; రానిచో లోభి. క్రైస్తవగ్రంథములు ప్రార్థననుగూర్చి చెప్పున దంతయు నీ చూపును వస్తువునుండి దాతవైపునకు మరలించుటకే యని నాకు తోచినది. దానినే నేడు వివరింప దలచితిని.

వాన కురియక పైరు మాడునప్పుడు రైతును, జ్వరము విడువని బిడ్డప్రక్కను గూర్చుండి తల్లియు, “ఇంతగా వేడుకొంటిమే, ఫలమేమి?” యని యడుగుట మనమెల్లర మెఱిగినదే. ఈ ప్రశ్న క్రైస్తవుల యిండ్లలోను గలదు. దీనిని దాటవేసి ప్రార్థనమహిమను ఎంత పొగడినను అది వట్టిమాటయే యగును.

శిష్యులు తమకు ప్రార్థించుట నేర్పుమని యేసుక్రీస్తును కోరినట్లు లూకా సువార్త పదునొకండవ యధ్యాయమున నున్నది. ఆయన నేర్పిన చిన్న ప్రార్థన మత్తయి సువార్త యాఱవ యధ్యాయమున నింకను విపులముగా గలదు. దాని వరుసను గమనింపుడు. మొట్టమొదట దేవుని తండ్రీ యని పిలువవలయును. పిదప నాయన నామము పూజ్యమగుటకును, ఆయన రాజ్యము వచ్చుటకును, ఆయన చిత్తము నెఱవేరుటకును వేడవలయును. ఆ వెనుకనే యన్నము. అటుపిమ్మట నపరాధక్షమయు, కీడునుండి రక్షణయు. అన్నమడుగుట తప్పని చెప్పలేదు. కాని దానికి మొదటి పీట వేయలేదు. అదియు నానాటికి సరిపడునంతయే గాని గాదె నిండుటకు గాదు. మఱియు నాకని కాక మాకని యడుగవలయును. పొరుగువాని పొయ్యిలో పిల్లి లేవకున్నను నా కుండ నిండిన చాలునని తలచువాడు ఆ ‘మాకు’ అను మాటను నోరార పలుకజాలడు.

క్షమాపణ నడుగు చోటను ఒక ముడి గలదు. తనకు కీడు చేసినవానిని తాను మన్నించినవాడే తన తప్పునకు మన్నింపు కోరవలెను. మత్తయి సువార్త యైదవ యధ్యాయమున దీనికి తోడైన బోధ యొకటి యున్నది. కానుకతో బలిపీఠము నొద్దకు వచ్చినవానికి తనమీద సోదరునకు బాధ గలదని తోచెనేని, ఆ కానుక నక్కడనే విడిచి, ముందుగా బోయి సమాధానపడి రావలయును. పొలము గట్టు తగవులతో నన్నదమ్ములు ఏండ్లతరబడి మాటలు మానుకొనుట పెద్దమనుష్యులైన మీకు తెలియనిది కాదు. అట్టివాడు గుడికి బోవుటకు ముందు తమ్ముని గడప త్రొక్కవలయునని యీ బోధ.

ఇట్లు బోధించినవాడు తానును అట్లే యాచరించెను. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో నాయన తనకు రాబోవు వేదన తొలగిపోవలెనని తండ్రిని వేడెను. వేడియు, తన యిచ్ఛ కాక తండ్రి యిచ్ఛయే జరుగవలెనని లోబడెను. వేదన తొలగలేదు. మఱునాడు సిలువ వచ్చినది. అపొస్తలుడైన పౌలు తన శరీరబాధ తొలగవలెనని ముమ్మాఱు వేడుకొనెను. బాధ పోలేదు, దానిని భరించు బలము మాత్రము లభించినది. సాక్షాత్తు క్రీస్తు అడిగినదే యడిగినట్లు దొరకలేదన్నచో, కోరినది చేతికి వచ్చుటయే ప్రార్థనకు ప్రమాణమని యెట్లు చెప్పగలము?

గాయకుడు పాట మొదలిడుటకు ముందు తంబురను మీటి తన కంఠము నా శ్రుతితో గలుపుకొనును. తన గొంతునకు తగినట్లు శ్రుతిని క్షణక్షణము మార్చుమని యడుగడు. ప్రార్థనయు నట్టిదే. దేవుని చిత్తమును మన కోరికకు వంచుట దాని ప్రయోజనము గాదు; మన చిత్తమును దేవుని చిత్తముతో గలుపుటయే ప్రయోజనము. దాని శక్తి మొదట కనబడవలసినది మేఘములో గాదు, ప్రార్థించిన మనుష్యునిలో.

ఈ మాటకు దృష్టాంతము మన తెలుగునేలమీదనే గలదు. అమెరికాదేశపు బాప్టిస్టులు 1836వ సంవత్సరమున తెలుగువారిలో పని కారంభించి, కొన్నియేండ్లకు నెల్లూరున స్థిరపడిరి. పదునేడేండ్లు గడచినను చేరినవారు చాల తక్కువ. 1853లో ఈ పనిని మానివేయుదమా యని వారి దేశమున చర్చ జరిగినది. అట్టి రోజులలో, 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున, లైమన్ జూయెట్ దంపతులును, నరసు, జూలియా, రూతు అను మువ్వురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ప్రార్థించిరి. ఉన్నవా రైదుగురే. ప్రార్థనా సమావేశపు కొండ యని యర్థము వచ్చు నింగ్లీషు పేరు నాటి ప్రార్థనవలననే దానికి కలిగినది.

కొండ దిగినంతనే యద్భుతమేదియు జరుగలేదు. పండ్రెండేండ్లకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలున కాపురముండుటకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన నచట నేర్పడిన సంఘమున నెనమండుగురే సభ్యులు. ఆ కాలమునందే ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు విశ్వాసియై తన వారి పల్లెలలో దిరిగి బోధించెను. ఆ పల్లెలవారు మన యూళ్లలో నెట్లు బ్రదుకుచుండిరో చెప్పనక్కఱ లేదు. మునసబునకు గాని కరణమునకు గాని మనవి చేసికొనవలెనన్న దూరముగా నిలువవలసినదే. దేవాలయపు వాకిలి వారికి మూసియుండెను. అట్టివానికి, నీవు నేరుగా దేవునితో మాటాడవచ్చును, ఆయనను తండ్రీ యని పిలువవచ్చును అని చెప్పిన, అడిగిన వస్తువు దొరకుటకు ముందే యొకటి దొరికినది. అది యడుగు నర్హత. చచ్చిన గొడ్డు మాంసము తినమనియు, ఆదివారము పని చేయమనియు వారు నిలిచినప్పుడు పెక్కు గ్రామములలో పెద్దలకు కోపము వచ్చినది. వారికి బాధలును కలిగినవి. అయినను వారు మరలలేదు.

తరువాత 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు వచ్చినది. క్లౌ ప్రార్థించి యూరకుండలేదు. యౌవనమున భూమి కొలుచు సర్వేపని నేర్చినవాడగుటచే, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని వేలమందికి కూలి చూపెను. దిగంబరుడై యాకలిగొన్న సోదరునకు దీవెనలు మాత్రము పలికి పంపిన ప్రయోజనమేమని యాకోబు పత్రిక యడిగిన ప్రశ్నకు, పారయు గంపయు నిచ్చిన యుత్తర మిది.

ఇక మఱియొక విశేషము. ఆ కఱవునాళ్లలో సంఘమున చేరెదమని వచ్చినవారికి ఏడాదికి పైగా బాప్తిస్మ మియ్యలేదు. అన్నముకొఱకు వచ్చిరో, దేవునికొఱకు వచ్చిరో తెలియవలయునని యాగిరి. కఱవు తగ్గి, సహాయధనము ముగియవచ్చినప్పుడు, ఇక నీయుటకు మా యొద్ద నేమియు లేదని వారితో చెప్పిరి. అయినను వారు తొలగలేదు. 1878 జులై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద, గుండ్లకమ్మ నదిలో, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు క్లౌ గాడు. ఆఱుగురు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు దీసికొనిరి.

ఇది కొండమీది ప్రార్థనకు ఫలమా, పేరయ్య శ్రమకు ఫలమా, కఱవులో చేసిన యుపకారమునకు ఫలమా యని మీరడుగవచ్చును. చరిత్రకారులు పెక్కు కారణములు చెప్పుదురు, అవన్నియు గలవు. విత్తు, వాన, ఎరువు, రైతు చెమట యిన్ని కూడిననే పంట. ఆ కార్యమున ప్రార్థన చేసినపని యేదనగా, ఫలము కనబడని యేండ్లలో మనుష్యులను విడువక నిలిపినది. బిచ్చమునకు విశ్వాసమును ఎచ్చటను అమ్ముకొననీయలేదు. మొదట నడిగినవారి చూపు వస్తువుమీద నుండియుండిన, 1853లోనే మూటలు గట్టియుందురు.

ఇప్పుడు ఆ రైతును, ఆ తల్లిని తలచుకొందము. మీ ప్రార్థనలో లోపము గలదు గనుకనే దొరకలేదని వారితో ననుట క్రూరము. గెత్సేమనే తెలిసినవా డట్లనడు. అడుగవద్దనుటయు తగదు, బిడ్డ తండ్రిని గాక యెవరి నడుగును? అడుగుడు, ఏడ్చి యడుగుడు, పిదప నాయన చేతిలో విడువుడు అని చెప్పవలయును. చెప్పి, మనము వారి గడప విడువక కూర్చుండవలయును. రైతునకు గింజలును, తల్లికి వైద్యుని బండియు సమకూర్పవలయును. ‘మాకు’ అని ప్రార్థించినవారికి ఈ పని విధిగా వచ్చి మీద పడును.

ప్రార్థన ముగించి లేచినవాడు ఇంటికి బోయి మునుపటికంటె నెక్కుడు ఓర్పుతోను, నెక్కుడు సత్యముతోను నడచెనేని, అతని ప్రార్థన విననబడినదనియే నమ్మవచ్చును.