4.3 ఎయిర్‌బ్రష్‌కు తగిన కంప్రెసర్‌ను ఎంచుకోవడం

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• గాలి పీడనానికీ, గాలి పరిమాణానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ట్యాంకు చేసే పని ఏమిటో, చేయలేని పని ఏమిటో లెక్కకట్టి చెప్పగలుగుతారు.
• కొనేముందు పరిశీలించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.

4.3.1 పరిచయం
వినాయక విగ్రహాలకు స్ప్రే గన్‌తో రంగు వేయడం మీరు చూసే ఉంటారు. ఎయిర్‌బ్రష్ కూడా అదే సూత్రంపై పనిచేస్తుంది. అయితే దాని నాజిల్ రంధ్రం సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. బొమ్మలకు, నమూనా విమానాలకు సరదాగా రంగులు వేసుకునేవారు దీన్ని పెన్నులా పట్టుకుని వాడతారు. రంగు చుక్కలుగా చిమ్మితే కొత్తవారు తమ చేతినే తప్పుపట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, గాలిది.

4.3.2 పీడనం, పరిమాణం
ఎక్కువ పనులకు 1 నుంచి 2 బార్ల పీడనం (సుమారు 15–30 పి.ఎస్.ఐ.) సరిపోతుంది. కాబట్టి పెట్టె మీద ‘8 బార్’ అని ఉన్నంత మాత్రాన లాభం లేదు. కారు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు కూడా ఈ పీడనం ఇస్తుంది. కాని అది కొద్ది నిమిషాల పనికోసం చేసినది. గంటసేపు నడిపితే వేడెక్కి పాడవుతుంది. అందువల్ల అడగవలసిన ప్రశ్నలు రెండు: పనిచేసే పీడనం వద్ద నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది? ఆపకుండా ఎంతసేపు నడపవచ్చు?

4.3.3 ట్యాంకు పాత్ర
పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బకూ గాలి అదురుతుంది. ట్యాంకు ఆ అదురును పోగొట్టి గాలిని నిలకడగా పంపుతుంది. అయితే పెద్ద ట్యాంకు ఉంటే మోటారుకు పని తగ్గుతుందనుకోవడం పొరపాటు.

ఉదాహరణ: ట్యాంకు 3 లీటర్లు. మోటారు 3 బార్ల వద్ద మొదలై 4 బార్ల వద్ద ఆగుతుంది. కంప్రెసర్ నిమిషానికి 20 లీటర్లు ఇస్తుంది. బ్రష్ 12 లీటర్లు వాడుతుంది. (ఈ లీటర్లు వాతావరణ పీడనం వద్ద కొలిచినవి.)

మోటారు ఆగాక ట్యాంకు 3 లీటర్ల గాలి ఇస్తుంది. అది బ్రష్‌కు 15 సెకన్లు వస్తుంది. తరువాత మోటారు ఇచ్చే 20 లీటర్లలో బ్రష్‌కు పోగా మిగిలేది 8. ఆ వేగంతో ట్యాంకు నిండటానికి సుమారు 22 సెకన్లు పడుతుంది. అంటే మోటారు 60 శాతం సమయం నడుస్తుంది. ట్యాంకు 6 లీటర్లయితే విరామం 30 సెకన్లు, నడక 45 సెకన్లు. మళ్లీ 60 శాతమే. మోటారుకు విశ్రాంతి కావాలంటే పెంచవలసింది ట్యాంకును కాదు, గాలి పరిమాణాన్ని.

4.3.4 తేమ
30 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం తేమ ఉన్న ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 4 బార్లకు నొక్కి చల్లారిస్తే దాని పరిమాణం అయిదో వంతవుతుంది. అప్పుడు అది సుమారు 6 గ్రాముల ఆవిరినే నిలుపుకోగలదు. మిగిలిన 18 గ్రాములు నీరవుతాయి. వానకాలంలో రంగుతోపాటు నీటి చుక్కలు పడటానికి కారణం ఇదే. కనుక తేమను పట్టే ట్రాప్, పీడనాన్ని నియంత్రించే రెగ్యులేటరు తప్పనిసరి.

4.3.5 జాగ్రత్తలు
• పని ముగిశాక ట్యాంకులో గాలి, నీరు తీసివేయాలి. నీరు నిలిస్తే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.
• సేఫ్టీ వాల్వును ఎన్నడూ మూయకూడదు.
• దుమ్మును ఆపే మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపదు. గాలి ఆడే చోట, మంటకు దూరంగా పనిచేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
నిమిషానికి 15 లీటర్లు వాడే బ్రష్‌ను 20 లీటర్ల కంప్రెసర్‌కు తగిలిస్తే మోటారు ఎంత శాతం సమయం నడుస్తుంది?
(జవాబు: 75 శాతం)