అబద్ధమాడిన ముల్లు

తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టరుకు మోటారుకారు మరమ్మతుతో పనేమిటని మీరడగవచ్చు. నిరుడు వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా యింట్లో వున్నది అంబాసిడరు. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డు కారు రూపం పుచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైన బండి. నాన్నగారు 1986లో కొన్నారు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తారీఖు, లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆయన పోయిన తర్వాత బండి ఏడాదిపాటు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడివుంది. అమ్మేద్దామని నేను, వద్దని అమ్మ. చివరికి అమ్మ మాటే నెగ్గింది. కొత్త బ్యాటరీ వేయించి నడపడం మొదలుపెట్టాను.

ఒకనాడు తెల్లవారుజామున అమ్మకు ఆయాసం యెక్కువైంది. తెనాలి నుంచి విజయవాడ యెంతదూరం గనక అని, వెనకసీట్లో పడుకోబెట్టి బయల్దేరాను. దుగ్గిరాల దాటి కాస్త వేగం అందుకున్నానో లేదో, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు ముల్లు చూస్తే సగం దగ్గర నిబ్బరంగా నిలబడివుంది. చీకటి, పక్కన కాలవ, వెనకసీట్లో అమ్మ యెగశ్వాస. ఆ పావుగంట నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. పాలవ్యాను నడిపే కుర్రవాడొకడు ఆగి, “ముందు మామ్మను ఎక్కించండి, బండి సంగతి తర్వాత చూసుకుందురుగాని” అన్నాడు. ఆ పుణ్యాత్ముడి వల్ల గండం గడిచింది.

మధ్యాహ్నం అయిదు లీటర్లు తెచ్చి పోస్తే బండి వెంటనే కదిలింది. “పెట్రోలు అయిపోయింది, ముల్లు అబద్ధం చెప్పింది” అని తీర్మానించి, ఇంకో 20 లీటర్లు పోయించాను. పదిరోజుల తర్వాత బండి మళ్ళీ ఆగింది! యీసారి పది నిమిషాలు వూరికే కూర్చుంటే దానంతటదే స్టార్టయింది.

మా వూళ్ళో పాతబండ్లు చూసే సాయిబుగారొకరున్నారు. నా కథంతా విని, రెండే ప్రశ్నలు వేశారు.

“వేగంగా పోయేటప్పుడే ఆగుతోందా?”

“అవునండీ.”

“కాసేపాగితే మళ్ళీ నడుస్తోందా?”

“నడుస్తోంది.”

“అయితే దొంగలు ఇద్దరున్నారు మాస్టారూ. ఒకణ్ణి చూసి రెండోవాణ్ణి వదిలేశారు మీరు.”

ముందు ముల్లు సంగతి. ట్యాంకులో తేలే బుడ్డి ఒకటి, దానికో కడ్డీ వుంటాయి. పెట్రోలు మట్టంతోపాటు కడ్డీ లేస్తూ దిగుతూ, సన్నని తీగచుట్ట మీద రాసుకుంటుంది. తీగలో కరెంటు దాటవలసిన దూరం మారినకొద్దీ ముందున్న ముల్లు కదులుతుంది. సాయిబుగారు ట్యాంకు దగ్గరి వైరు వూడదీసి, క్షణంసేపు బండి వొంటికి ఆనించారు. ముల్లు ఒక కొసకు పరుగెత్తింది. తీసేస్తే రెండో కొసకు పోయింది. “ముల్లూ వైరూ మంచివే. రోగం ట్యాంకులో వుంది.”

మర్నాడు బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట ట్యాంకు ఖాళీచేసి దించారు. అంతకుముందే బీడీకట్ట దూరంగా గోడమీద పెట్టి వచ్చారు. యీ పనిలో మొదటి పాఠం అదే. ఖాళీ ట్యాంకులో ఆవిరి వుంటుంది. నిండు ట్యాంకుకన్న అదే ప్రమాదం.

కడ్డీ తీసి చూస్తే దాని కీలు జిగురూ తుప్పూ పట్టి బిగుసుకుపోయివుంది. ఏడాదిపాటు కదలకుండా నిలవున్న పెట్రోలు చేసిన పని అది. పెట్రోలు గొట్టం చివర యిత్తడి వల ఒకటి వుంటుంది, మన టీ వడపోతలాంటిది. అది తుప్పురజనుతో పూడిపోయింది. మెల్లగా పోతే ఆ కాస్త సందులో యింజనుకు చాలినంత అందుతుంది. వేగం పెంచితే పంపు బలంగా లాగుతుంది. చెత్త వచ్చి వలకు అతుక్కుంటుంది. బండి ఆగితే చెత్త జారుతుంది, దారి తెరుచుకుంటుంది. ఆ మధ్యాహ్నం బండిని కదిలించింది నేను పోసిన పెట్రోలు కాదు, దానికి దొరికిన విశ్రాంతి!

ట్యాంకును వినిగరుతో నానబెట్టి, సోడాపొడి నీళ్ళతో కడిగి, రెండురోజులు ఎండబెట్టాము. వలను మెత్తని బ్రష్షుతో తోమి, గొట్టంలోకి ఎదురుగాలి కొట్టారు. వచ్చిన దారినే చెత్తను పంపాలట. బుడ్డిని వేడినీళ్ళలో ముంచి చూశారు. బుడగలు రాలేదు గనక చిల్లు లేదు. ఇక మిగిలింది కీలు. తుడవబోతూ, “యిది యెంత పెట్రోలు దగ్గర బిగుసుకుందో తెలుసా?” అన్నారు సాయిబుగారు.

ఇంటికి వెళ్ళి నాన్నగారి పుస్తకం తీశాను. ఆఖరి పద్దు: 25 లీటర్లు. తర్వాత ఆయన కారు తియ్యలేదు. యిన్నాళ్ళూ ఆ ముల్లు చూపించింది ఆయన విడిచివెళ్ళిన మట్టమే. దాన్ని కదిలించడానికి ఒక్కక్షణం మనసొప్పలేదు.

అమ్మతో చెప్పాను. “ఆయనుంటే యీపాటికి ఎప్పుడో బాగుచేయించేవారు” అంది అమ్మ.

కీలు తుడిచి, కొత్త కార్కువాషరు వేసి, ట్యాంకు బిగించారు. అయిదేసి లీటర్లు పోస్తూ, ముల్లు యెక్కడెక్కడ ఆగిందో పుస్తకంలో నాన్నగారి ఆఖరి పద్దు కిందనే రాసుకున్నాను. నిలవబెట్టిన బండిని నడపబోయేవారు ముందు ట్యాంకు విప్పి చూసుకోండి. ముల్లును నమ్మడం ఆ తర్వాత.

మొన్న అమ్మను కంటి పరీక్షకు విజయవాడ తీసుకెళ్ళాను. దుగ్గిరాల దాటాక అమ్మ ముందుకు వంగి, “ముల్లు ఎక్కడుందిరా?” అంది.

“కిందికి దిగిందమ్మా.”

“అయితే నిజమే చెప్తోంది, పోనీ” అంది.