ఇంజెక్టర్ ఏం చేస్తుంది?

పాడేరు ఘాట్ ఎక్కే జీపులు డీజిల్‌తో నడుస్తాయి. ఆ డీజిల్‌ని ధారగా పోస్తే ఇంజన్లో సరిగా మండదు. దాన్ని పొగమంచులాగ చేసి కొట్టేదే ఇంజెక్టర్.

మన పొయ్యి చూడండి. పెద్ద మొద్దుకి అగ్గిపుల్ల పెడితే అంటుకోదు. దాన్నే చితుకులుగా చీలిస్తే గాలి అన్నివైపులా తగిలి టక్కున అంటుకుంటాది. డీజిల్ కూడా అంతే.

డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు లేదు. (పెట్రోలు కారుకి ఉంటాది.) పిస్టన్ పైకొచ్చి గాలిని సుమారు 16వ వంతుకి నొక్కేస్తాది. సైకిల్ పంపు గబగబా కొడితే అడుగు కాలుతుంది కదా, అలాగే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే ఇంజెక్టర్ డీజిల్ కొట్టాలి. ఇంజన్ నిమిషానికి 2000 సార్లు తిరిగితే ఒక్కో ఇంజెక్టర్ కనీసం 1000 సార్లు కొడతాది!

లోపల ఒక సూది ఉంటుంది. కొనలో రంధ్రాలు తల వెంట్రుక కంటే కాస్తే లావు. సూది లేస్తే డీజిల్ చిమ్ముతుంది, దిగితే ఆగుతుంది. పాత జీపుల్లో పంపు తోసిన డీజిలే సూదిని లేపేది, స్ప్రింగు మూసేది. కొత్తవాటిలో కంప్యూటర్ కరెంటు పంపుతుంది. మనం సైన్సులో చదివిన విద్యుదయస్కాంతం చిన్న వాల్వు తెరిస్తే సూది లేస్తుంది. అక్కడ ఒత్తిడి 1600 బార్ దాకా ఉంటాది, అంటే సైకిల్ ట్యూబులో గాలికి సుమారు 500 రెట్లు. అందుకే నడిచే ఇంజన్లో డీజిల్ గొట్టం కారుతుంటే చెయ్యి అడ్డం పెట్టకూడదు. చర్మంలోంచి లోపలికి దూరిపోతాది.

అంత సన్నని దారికి ఇసుక రేణువు చాలు, నీళ్ళు చాలు. పోయిన వానాకాలం మా వదినకి నొప్పులొస్తే జీపులో తీసుకెళ్ళారు. దారిలో డీజిల్ అయిపోయి డ్రైవరన్న డబ్బాలోది పోశాడు. అందులో వాననీరుంది. నల్లపొగ కూడా లేదు, ఊరికే ఆగిపోయింది. అక్కడినుంచి డోలీ కట్టారు. వదిన బతికింది, బిడ్డ దక్కలేదు. తర్వాత మెకానిక్ ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్ళే. నీరు డీజిల్ కంటే బరువు, కిందికి దిగుతాది. ఫిల్టర్ కింద మర తిప్పి ఆ నీరు వదిలేయొచ్చు. అయిదు నిమిషాల పని.

మన హాస్టల్ జనరేటర్‌కి కూడా ఇంజెక్టర్ ఉంది. దాని డీజిల్ డబ్బా మూత లేకుండా చూరు కింద ఉంటోంది. వార్డెన్ మేడమ్ గారు ఒక మూత, వడగట్టడానికి జాలీ గరాటు తెప్పించాలని మనవి.

— 9వ తరగతి