సెల్లార్‌ను గదిగా మార్చడం: అపోహలు – వాస్తవాలు

తెలుగు మేస్త్రీల వాడుకలో బేస్‌మెంట్ అంటే నేలమట్టం నుంచి గచ్చు దాకా లేపిన కట్టడం. నేలకు దిగువన ఉండే అంతస్తును హైదరాబాద్ వాసులు సెల్లార్ అంటారు. 2007 ఏప్రిల్‌లో మహానగరపాలక సంస్థలో విలీనమైన ఉప్పల్ కలాన్ పురపాలక ప్రాంతంలోనూ, పారిశ్రామికవాడను ఆనుకుని పెరిగిన నాచారంలోనూ ఇళ్ల స్థలం ఖరీదైన కొద్దీ, కింద ఖాళీగా కనిపించే ఆ అంతస్తును చదువుల గదిగానో వ్యాయామశాలగానో ట్యూషన్ కేంద్రంగానో సొంత చేతులతో తీర్చిదిద్దుకోవాలన్న ఆలోచన యజమానులకు కలగడం సహజమే. అయితే ఆ ఆలోచన వెంట వచ్చే నమ్మకాల్లో చాలావరకు ఇక్కడి చట్టానికీ ఇక్కడి నేలకూ సరిపడనివి.

అపోహ: సొంత ఇంటి సెల్లార్‌ను యజమాని తన ఇష్టప్రకారం వాడుకోవచ్చు.

వాస్తవం: 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో జీవో 168గా వెలువడి, తెలంగాణలోనూ కొనసాగిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం సెల్లార్ ప్రధానంగా వాహనాలు నిలపడానికే ఉద్దేశించినది. అందులో పదిశాతం దాకా జనరేటర్, ఏసీ యంత్రాలు, మురుగునీటి శుద్ధి పరికరాలు, లాండ్రీ వంటి నివాసేతర అవసరాలకు కేటాయించుకోవచ్చు గాని, మనుషులు నివసించే గదులకు అక్కడ చోటు లేదు. పార్కింగ్‌కు చూపిన స్థలాన్ని మరోవిధంగా వాడితే ఆ మార్పును తొలగించే అధికారం కూడా ఆ నిబంధనలే ఇస్తున్నాయి. కాపలాదారు కుటుంబాలు సెల్లార్లలో బతకడం నగరంలో మామూలు దృశ్యమే అయినా, నిబంధనలు కాపలాదారుకు గది అనుమతించినది స్టిల్ట్‌లో, అంటే నేలమట్టాన స్తంభాల మధ్య తెరిచి ఉంచిన పార్కింగ్ అంతస్తులో. అదీ రెండు మరుగుదొడ్లతో కలిపి 25 చదరపు మీటర్లకు మించకుండా. ముందు కట్టేసి తరువాత రుసుము చెల్లిస్తే సరిపోతుందన్న ధీమాకూ ఆధారం లేదు, ఎందుకంటే 2015 నాటి క్రమబద్ధీకరణ పథకం పార్కింగ్ స్థలాలను మినహాయించింది.

అపోహ: అమెరికా వీడియోల్లో చూపే పద్ధతినే ఇక్కడా అనుసరించవచ్చు.

వాస్తవం: చలిదేశాల్లో శీతాకాలంలో నేల పైపొర గడ్డకట్టి ఉబ్బుతుంది గనుక పునాదిని ఆ పొరకు దిగువకు దించక తప్పదు, అంత లోతు తవ్వాక ఆ చోటును ఒక అంతస్తుగా మలచుకోవడం లాభసాటి కూడా. ఆ గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి వేడి బయటికి పోకుండా దూది వంటి పొరను, ఆపై గదిలోని ఆవిరి ఆ గోడకు చేరకుండా ప్లాస్టిక్ పొరను, దాని మీద జిప్సం పలకను బిగిస్తారు. హైదరాబాద్‌లో కొన్ని మీటర్ల లోతున నేల వేడి ఏడాది పొడవునా ఇంచుమించు 26–27 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. ఏసీతో బాగా చల్లబరిస్తే తప్ప, వానాకాలపు గాలిలోని ఆవిరి గోడమీద నీరుగా మారడానికి ఆ చల్లదనం సాధారణంగా చాలదు. కాబట్టి ఇక్కడి సెల్లార్ గోడ తడిసిందంటే ఆ తడి ఎక్కువగా గోడ వెనుక నుంచి వస్తున్నదే. దాని ముందు కర్రచట్రం, పలకలు బిగించడమంటే ఊటను కంటికి కనపడకుండా దాచి, చెదలకు నీడ కల్పించడమే.

అపోహ: హైదరాబాద్ నేల రాతినేల కాబట్టి సెల్లార్‌లోకి ఊట రాదు.

వాస్తవం: ఈ నగరం నిలబడి ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ మీద అన్నది నిజమే. కానీ ఆ రాయి పైభాగం కాలక్రమంలో శిథిలమై మొరంగా మారింది, దాని దిగువన బీటలు వారిన పొర ఉంది, ఆ తరువాతే గట్టిరాయి. వాన నీరు మొరంలోకి సులువుగా ఇంకుతుంది గాని గట్టిరాయిలోకి దిగలేదు. అందుచేత రాతి వాలును పట్టుకుని పక్కకు పారుతూ, దారికి అడ్డంగా తవ్విన సెల్లార్ గోడ దగ్గర చేరుతుంది. రాయి ఉండటమే అక్కడ నీరు నిలవడానికి కారణమన్నమాట. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు వంటి తటాకాల దిగువన, నాలాల ఒడ్డున ఉన్న కాలనీల్లో వానలు ఆగిన వారాల తరువాత కూడా ఊట సాగడం ఇందువల్లనే. ఇది నేలలోపలి సంగతి. పైనుంచి వచ్చే వరద వేరు. 2020 అక్టోబరు 13న నగరానికి తూర్పున ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు నగరమంతటా సెల్లార్లు మునిగాయి.

అయితే తడి కనిపించగానే భూగర్భజలాన్ని నిందించడమూ తొందరపాటే. నగరంలో చాలా ఇళ్లకు తాగునీటి సంపు సెల్లార్ గోడ పక్కనే ఉంటుంది. రాత్రి సంపులోకి నీరు వచ్చే, పోయే వాల్వులు కట్టేసి నీటిమట్టం దగ్గర గీత పెట్టి, తెల్లవారాక చూస్తే మట్టం తగ్గిందో లేదో తెలిసిపోతుంది. 18 అంగుళాల చదరపు పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో కాంక్రీటుకు అంటించి, కనీసం 16 గంటలు ఉంచి తీస్తే, లోపలి ముఖాన పట్టిన చెమ్మ కాంక్రీటుదనీ, బయటి ముఖాన పట్టినది గాలిదనీ గుర్తించవచ్చు. తొలిసారి పనికి పూనుకునేవారికి ఈ రెండు పరీక్షల కంటే విలువైన పని లేదు. దుకాణంలో రంగు డబ్బాల మీద పెట్టే డబ్బు వీటి తరువాతిది.

అపోహ: లోపల వాటర్‌ప్రూఫ్ రంగు రెండుసార్లు పూస్తే చెమ్మ ఆగుతుంది.

వాస్తవం: గోడ వెనుక ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే అడుగున ప్రతి చదరపు మీటరు మీద సుమారు ఒక టన్ను ఒత్తిడి పడుతుంది. రంగు పొరను వెనుకనుంచి తోసే ఆ ఒత్తిడికి తోడు, నీటితో వచ్చిన లవణాలు పొర కింద స్ఫటికాలుగా పెరిగి పుట్టీని పొట్టులా రాల్చేస్తాయి. సరైన అడ్డు నీరు తగిలే బయటివైపు ఉండాలి, అది కట్టేటప్పుడే జరగవలసిన పని. కట్టిన తరువాత కాంక్రీటు రంధ్రాల్లోకి చొచ్చుకుపోయి స్ఫటికాలుగా గట్టిపడే సిమెంటు పూతలు లోపలినుంచి కొంత పనిచేస్తాయి గాని, కారుతున్న పగుళ్లను ముందుగా పూడ్చి, పాత పుట్టీని కాంక్రీటు కనిపించేదాకా గీకితేనే వాటికి పట్టు దొరుకుతుంది.

ఎత్తు చాలడం లేదని గచ్చును తవ్వి దించడం, వైర్ల కోసం స్తంభాన్ని చెక్కడం చిన్న పనులన్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్తంభంలో ఇనుముపై ఉండే కాంక్రీటు కవరు సాధారణంగా 40 మిల్లీమీటర్లే. స్తంభం అడుగున ఉండే ఫుటింగ్ పక్క మట్టి తీస్తే దాని ఆనిక సడలుతుంది. వైర్లను పైపుల్లో గోడమీదుగానే నడిపించాలి.

అపోహ: మెట్లు ఉన్నాయి కాబట్టి ప్రమాదంలో బయటపడవచ్చు.

వాస్తవం: 2024 జులై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో గ్రంథాలయంగా వాడుతున్న సెల్లార్‌లోకి వరద దూసుకువచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మరణించారు. నీరు దిగేదీ మెట్ల దారినే, పొగ ఎగసేదీ ఆ దారినే. అందుకే అమెరికా నివాస నియమావళి కూడా బేస్‌మెంట్ పడకగదికి మెట్లు కాక, మనిషి దూరగల 5.7 చదరపు అడుగుల తెరుపుగల కిటికీని సాధారణంగా కోరుతుంది. వీడియోల్లో ఈ భాగం కనిపించడం అరుదు.

సెల్లార్‌ను సెల్లార్‌గానే బాగుచేయదలచిన యజమానికి చేతి పని లేకపోలేదు. ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ వేసిన కాలువ, అది చేరే గుంట, ఫ్లోట్ స్విచ్‌తో నడిచే పంపు, గాలి బయటికి తోసే ఫ్యాన్, సున్నం వేసిన గోడలు, నేల నుంచి ఎత్తుగా ఇనుప అరలు అన్నీ సాధ్యమే, ఒక్క విద్యుత్ కనెక్షన్‌ను మాత్రం ఎలక్ట్రీషియన్‌కు వదలాలి. కుండపోత వానలోనే కరెంటు పోతుంది కనుక పంపును, మోటారు మొదలయ్యేటప్పుడు లాగే అదనపు కరెంటును తట్టుకోగల ఇన్వర్టర్‌కు కలిపించి, మే నెలాఖరులో గుంటలో నీళ్లు నింపి స్విచ్ దానంతట అది పడుతున్నదో లేదో చూసుకోవాలి.