తొలి మిషన్.. తొందరొద్దు!
పదో తరగతి దాటిన పిల్లలకు కుట్టు మిషన్ కొనే ముందు..

సోలాపూర్: పదో తరగతి పరీక్షలు ముగిశాయంటే చాలు.. సాఖర్‌పేట్ నుంచి నీలంనగర్ దాకా మనవాళ్ల ఇళ్లల్లో ఒకటే చర్చ. పిల్లకో, పిల్లాడికో కుట్టు మిషన్ కొనాలి. ఏది కొనాలి?

తాతలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని ఇక్కడికొచ్చారు. తండ్రులు సాంచాలపై బతికారు. సోలాపురి చద్దర్‌కు 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరైతే వచ్చింది గానీ, కొడుకునూ సాంచా మీదే నిలబెట్టాలని కోరుకునే తండ్రులు తక్కువే. నగరంలో స్కూల్ యూనిఫాంలు కుట్టే పని ఉండటంతో చాలామంది చూపు అటు మళ్లింది.

చిన్నదని చులకనా?
సాంచాల మధ్య పెరిగినవాళ్లకు కుట్టు మిషన్ బొమ్మలా కనిపిస్తుంది. పొరపాటు అక్కడే. షటిల్ సాంచాలో నాడె నిమిషానికి సుమారు నూరు నుంచి నూటయాభై సార్లు తిరుగుతుంది. కార్ఖానాల్లో 'జుకీ' అని పిలుచుకునే పవర్ మిషనైతే నిమిషానికి 5,000 దాకా కుట్లు వేయగలదు. అంటే సెకనుకు 80 సార్లకు పైగా సూది దిగుతుంది. వేలు అడ్డొచ్చిందని తెలిసేలోపే సూది గోట్లో దిగిపోతుంది.

కాలి మిషన్‌తోనే మొదలు
అందుకే మొదట కాలితో తొక్కే మిషనే మేలు. తొక్కినంతే నడుస్తుంది, కాలు ఆపితే ఆగుతుంది. గుడ్డ పట్టడం, నిటారుగా కుట్టడం, మూల తిప్పడం దీనిమీదే వంటబడతాయి. పాతది కొన్నా నష్టం లేదు. కొనేటప్పుడు ఓ గుడ్డముక్క కుట్టించి, పైనా కిందా కుట్టు ఒకేలా పడిందో లేదో చూసుకోవాలి.

మోటారు ఏది?
చెయ్యి కుదిరాక పవర్ మిషన్ తేవచ్చు. ఇక్కడే ధర ఒక్కటే చూసి మోసపోవద్దు. పాత మిషన్లకు ఎక్కువగా క్లచ్ మోటారే ఉంటుంది. స్విచ్ వేస్తే కుట్టకున్నా తిరుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. కొత్త చేతికి పెడల్ అదుపు కాదు. సర్వో మోటారు పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. పైగా ఇంత వేగం దాటొద్దని ముందే కట్టడి చేయొచ్చు. నేర్చుకునే పిల్లలకు ఇదే తగినది.

బెల్టుపై కవరు, సూది దగ్గర వేలికి అడ్డుగా ఉండే గార్డు తప్పనిసరి. పనికి అడ్డొస్తోందని గార్డు పీకేయొద్దు. అది లేకుండా అమ్మేవాళ్లుంటే పెట్టించాకే డబ్బివ్వాలి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. దారం ఎక్కించాలన్నా, సూది మార్చాలన్నా స్విచ్ ఆపాల్సిందే. స్విచ్ తీసినా క్లచ్ మోటారు కొన్ని క్షణాలు తిరుగుతుంది. పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టొద్దు. జడ ముడేసుకోవాలి, చున్నీ వెనక్కి కట్టుకోవాలి.

బడి మానిపిస్తే..
ఇంట్లో మిషన్ పడిందంటే ఆర్డర్లు వస్తాయి. ఆర్డర్లొస్తే గంటలు పెరుగుతాయి. మొదట తగ్గేది చదువే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదు. సొంతింటి పనిలో సాయం చేయాలన్నా బడి అయ్యాకే, అదీ ప్రమాదం లేని పనే. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లనూ ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. మిషన్ కోసం అప్పు చేస్తే ఆ కిస్తీ బరువు పిల్లల మీద పడకుండా చూసుకోవాల్సింది పెద్దలే.

కొన్న రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పిల్లల్ని కూర్చోబెడతారు. అప్పుడే ఓ పది నిమిషాలు పక్కన నిలబడి స్విచ్ వేయడం, తీయడం నాలుగైదు సార్లు చేయించాలి. నడపడం ఎవరైనా నేర్పుతారు. ఆపడం మాత్రం ఇంట్లోనే నేర్పాలి.