కొన్నది 3200... నడిచేది 2133!

డబ్బాపై పెద్ద అంకెల్లో 3200. బిల్లులోనూ 3200. తీరా కంప్యూటర్‌లో బిగించి చూస్తే నడుస్తున్నది 2133! దుకాణదారు మోసం చేశాడా అంటే లేదు. స్టిక్కు నకిలీదా అంటే అదీ కాదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఒక్క సెట్టింగు మార్చకపోవడంతో డబ్బు పోసి కొన్న వేగం పెట్టెలోనే నిద్రపోతోంది.

పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఫొటో స్టూడియోలు, ఫ్లెక్సీ డిజైన్ల దుకాణాలు, ఇంజనీరింగు విద్యార్థులు... విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకునేవారు పట్టణాల్లో తక్కువేమీ కాదు. కొందరు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని సి.టి.సి. దాకా వెళ్లి, నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడి తెచ్చుకుంటారు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎన్ని జీబీలు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందని మాత్రం ఆరా తీయరు. తీసినా దుకాణంలో అందరూ చెప్పగలరా అంటే అదీ అనుమానమే.

ఏమిటీ అంకె?

3200 అంటే సెకనుకు 320 కోట్ల సార్లు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోగలదని లెక్క. ఒక్కో విడతకు 8 బైట్లు. అంటే ఒక స్టిక్కు సెకనుకు 25.6 జీబీల దాకా అందించగలదు. 2133 దగ్గర ఆగిపోతే 17 జీబీలే. చెల్లించిన వేగంలో మూడో వంతు గల్లంతన్నమాట.

దీనికి తోడు సి.ఎల్. అనే మరో అంకె ఉంటుంది. ప్రాసెసర్ అడిగిన తరువాత ఎన్ని టిక్కులకు సమాచారం రావడం మొదలవుతుందో ఇది చెబుతుంది. 3200 స్టిక్కు సి.ఎల్. 16 అయితే పట్టే సమయం 10 నానోసెకన్లు. 2133 వద్ద సి.ఎల్. 15 ఉన్నా 14 నానోసెకన్లు పడుతుంది. టిక్కుల సంఖ్య తగ్గినా ఒక్కో టిక్కు సాగిపోయింది మరి!

జాతకంలో రెండు పేజీలు

ప్రతి స్టిక్కు మీదా ఎస్.పి.డి. అనే చిన్న చిప్పు ఉంటుంది. ఆ స్టిక్కు జాతకమంతా అందులోనే. స్విచ్ వేయగానే మదర్‌బోర్డు దాన్ని చదివి, ఎక్కడైనా ఇబ్బంది లేకుండా నడిచే వేగాన్ని ఎంచుకుంటుంది. ఈ సురక్షిత వేగాలను నిర్ణయించేది జెడెక్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. డి.డి.ఆర్.4 రకంలో ఇది చాలా స్టిక్కులకు 2133, కొన్నిటికి 2400 లేదా 2666. డి.డి.ఆర్.5 స్టిక్కు మీద 6000 అని ఉన్నా మొదట నడిచేది చాలావరకు 4800 వద్దే.

డబ్బా మీద ఊరించిన వేగం జాతకంలో వేరే పేజీలో ఉంటుంది. దాని పేరు ఎక్స్.ఎం.పి. ఇంటెల్ కంపెనీ 2007లో దీన్ని ప్రవేశపెట్టింది. ఏ.ఎం.డి. కంపెనీ 2022లో డి.డి.ఆర్.5 కోసం ఎక్స్‌పో పేరుతో తనదీ తెచ్చింది. యజమాని అడిగితే తప్ప మదర్‌బోర్డు ఈ పేజీ తెరవదు. కారణం లేకపోలేదు. డి.డి.ఆర్.4కు ప్రమాణం ప్రకారం ఇవ్వవలసింది 1.2 వోల్టులు. 3200, సి.ఎల్. 16 స్టిక్కు సాధారణంగా 1.35 అడుగుతుంది. ఆ స్టిక్కు ఏ బోర్డులో, ఏ ప్రాసెసర్ పక్కన కూర్చుంటుందో తయారుచేసినవాడికి తెలియదు కదా!

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1.2 వోల్టులతోనే 3200 నడిచే స్టిక్కులు కూడా బజారులో దొరుకుతాయి. ప్రాసెసర్ ఒప్పుకుంటే వాటికి ఏ సెట్టింగూ అక్కర్లేదు. కాకపోతే వాటి సి.ఎల్. సాధారణంగా 22. రెండూ 3200లే అయినా రెండూ ఒకటి కావు. ధర అడిగేటప్పుడే సి.ఎల్. ఎంతో అడగడం మేలు.

మార్చడం ఎలా?

ఇది మెకానిక్ రావలసినంత పని కాదు. స్విచ్ వేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అందులో ఎక్స్.ఎం.పి. లేదా ఎక్స్‌పో అనే చోట మొదటి ప్రొఫైల్ ఎంచుకుని, ఎఫ్10 నొక్కి సేవ్ చేయాలి. ఏ.ఎం.డి. ప్రాసెసర్ల బోర్డుల్లో కొన్నిటిలో ఇదే డి.ఓ.సి.పి. అని, ఏ-ఎక్స్.ఎం.పి. అని కనిపిస్తుంది. పేరు ఏదైనా పని ఒకటే. తరువాత తెర నల్లబడి మెషీను రెండు మూడుసార్లు ఆగి మొదలు కావచ్చు. డి.డి.ఆర్.5 బోర్డుల్లో అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టినా పట్టవచ్చు. కంగారుపడి ప్లగ్గు పీకరాదు.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే స్పీడు కనిపిస్తుంది. సి.పి.యు-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో 1600 కనిపిస్తే బెంబేలు పడనక్కర్లేదు. టిక్కుకు రెండు విడతలు కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకోవాలి.

ఎంత మొత్తుకున్నా వేగం పెరగని మెషీన్లూ ఉన్నాయి. ఇంటెల్ పదో తరం ఐ5-10400 ప్రాసెసర్‌ను హెచ్410 లేదా బి460 బోర్డులో పెడితే మెమరీ 2666 దాటదు. 3600 స్టిక్కు కొన్నా అంతే. 2021లో వచ్చిన బి560 బోర్డులతో ఈ కట్టడి సడలింది. పాత బోర్డుకు ఖరీదైన స్టిక్కు అంటగట్టేటప్పుడు ఈ ముక్క చెప్పవలసింది దుకాణదారే.

స్టిక్కులు ఎక్కువైనా వేగం తగ్గుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏ.ఎం.డి. రెండు స్టిక్కులతో 5200 అని హామీ ఇస్తూ, నాలుగు పెడితే 3600 అనే చెప్పింది. పాత స్టిక్కు పక్కన కొత్తది చేరిస్తే రెండూ పాతదాని అడుగులోనే నడుస్తాయి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కనే గుచ్చితే రెండూ ఒకే దారిన పడి, అందే సమాచారం సగమవుతుంది. ఎక్స్.ఎం.పి. మరచిపోవడం కన్నా ఇది పెద్ద నష్టం.

ఇంతా చేస్తే ఒరిగేదేమిటి? బిల్లులు టైపు చేసుకునేవారికి తేడా తెలియను కూడా తెలియదు. ఆల్బమ్ ఫైలు తెరిస్తే మెషీను బిగుసుకుపోతోందంటే చాలాసార్లు లోటు జీబీలదే. ముందు అవి పెంచాలి. అసలు లాభం గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనలేక రైజెన్ 5 5600జి వంటివాటితో సరిపెట్టుకునే విద్యార్థులకు. అందులోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. బొమ్మ గీయడానికి కూడా ఈ ర్యామ్‌నే వాడుకోవాలి.

ఎక్స్.ఎం.పి. వేయడం ప్రాసెసర్ కంపెనీల లెక్కలో పరిమితి దాటించడమే. వారంటీకి చిక్కు రావచ్చని అవి రాతపూర్వకంగానే చెబుతున్నాయి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు మాడిపోయాయి. ఎక్స్‌పో వేసినప్పుడు కొన్ని బోర్డులు ప్రాసెసర్‌కు ఇచ్చే ఒక వోల్టేజీని మితిమీరి పెంచడంపై అప్పట్లో వేలు చూపారు. ఏ.ఎం.డి. కొత్త బయోస్‌లతో ఆ వోల్టేజీని 1.3 దాటకుండా కట్టడి చేసింది. కాబట్టి ముందు బయోస్ కొత్తదో కాదో చూసుకోవాలి. వేగం పెంచాక మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాంను రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపినా ఆ వేగం పనికిరాదు, ఒక మెట్టు దించాలి. తప్పులతో నడిచే మెమరీ పెళ్లి ఫొటోలనే పాడుచేయగలదు.

అసలు మెషీనే లేవకపోతే మదర్‌బోర్డు మీది సీమాస్‌ను క్లియర్ చేస్తే పాత వేగానికి వచ్చేస్తుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇదే పని అడగకుండానే జరిగిపోతుంటుంది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి, ప్లగ్గు దగ్గర కరెంటు పోయిందంటే చాలా బోర్డులు సెట్టింగులన్నీ మరచిపోతాయి. ఉదయం మెషీను వేయగానే తేదీ ఏళ్ల కిందటిది చూపిస్తే అదే గుర్తు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేసి ఊరుకుంటే మెమరీ మళ్లీ 2133 వద్దే ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్.ఎం.పి. కూడా తిరిగి వేయాలి.