అమ్మమ్మ చెవికి ముందు వరుస

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు బ్రాంప్టన్‌లో మా ఇంట్లో తెలుగు పాఠం మొదలవుతుంది. మారిషస్‌లో అప్పుడు సాయంత్రం: వేసవిలో ఐదు, చలికాలంలో ఆరు. చెప్పేది మా అమ్మ. వినేది మా పదేళ్ల అమ్మాయి. పుస్తకం లేదు. ఆ వారం ఇంటికి ఎవరు వచ్చారు, ఏం వండారు, గుడిలో రామభజనకు ఎవరు పాడారు, అవే పాఠాలు.

పోయిన చలికాలం ఒక ఆదివారం మా అమ్మాయి, "నేను నిన్న బడికి వెళ్ళలేదు" అంది. అమ్మమ్మకు "వెళ్ళ…" వరకే వినపడింది.

"వెళ్ళావా, వెళ్ళలేదా?"

పిల్ల మళ్ళీ చెప్పింది. మళ్ళీ తెగింది. మూడోసారి ఇంగ్లీషులో చెప్పింది. అమ్మమ్మ క్రియోల్‌లో జవాబు ఇచ్చింది. పక్కనే ఉన్న నాకు తెలుసు, పిల్ల తప్పు మాట్లాడలేదు. కానీ తనకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? "నా తెలుగు అమ్మమ్మకు అర్థం కాదు" అని ఆ రాత్రి నాతో అంది. కోరంగి రేవు దగ్గర ఓడెక్కిన మా పెద్దల నుంచి చెరకు తోటలు దాటి వచ్చిన భాష, మా ఇంటి ఇంటర్నెట్ తీగలో ఆగిపోతోందా అని భయం వేసింది.

తెలుగులో క్రియ బరువంతా చివర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా, అన్నీ ఆఖరి అక్షరాల్లోనే. వచ్చాడు, వచ్చింది, వచ్చారు: మొదటి సగం ఒకటే. ఆ చివరి ముక్క ఊడిపోతే మాట మిగలదు.

అందుకే ఒక స్విచ్ కొందామని బయలుదేరాను. దీపం వెలిగించే స్విచ్ కాదు. చిన్న పెట్టె, ఐదో ఎనిమిదో రంధ్రాలు. ఇంట్లో కంప్యూటర్లు, టీవీ, కెమెరాల తీగలు అందులో కలుస్తాయి. మామూలు స్విచ్ అన్నిటినీ వచ్చిన వరుసలోనే పంపుతుంది. కొంచెం ఖరీదైనవి వరుస మారుస్తాయి: మాట ముందు, సినిమా తర్వాత. అలాంటి పెట్టె మీద "స్మార్ట్" అనో "మేనేజ్డ్" అనో ఉంటుంది. "802.1పి" అని కూడా ఉండవచ్చు. అంటే ప్రతి డేటా పొట్లం మీద 0 నుంచి 7 వరకు ఒక అంకె వేస్తారు. పెద్ద అంకెకు ముందు దారి. (ఒక చిత్రం: మామూలు డేటాకు 0, అందరికన్నా వెనక నిలబడేదానికి 1. ఇది ఎవరి లెక్కో!) ఈ అంకెలు చాలావరకు మన గుమ్మం దాకానే చెల్లుతాయి. బయట ఇంటర్నెట్‌లో వాటిని ఎవరూ పట్టించుకోనక్కరలేదు.

కానీ కొనే ముందు ఒక సంగతి చూడాలి: రద్దీ ఎక్కడ ఉంది? సింహాచలంలో ప్రత్యేక దర్శనం వరుస గుడి దగ్గర ఉంటేనే లాభం. కొండ కింద బస్సులు ఆగే చోట పెడితే ఏం లాభం?

ఈనాటి మామూలు స్విచ్ కూడా సెకనుకు 1000 మెగాబిట్లు పంపగలదు. ఒక ఫోను మాటకు 0.1 మెగాబిట్ చాలు. స్విచ్‌లో రద్దీయే లేదు. రద్దీ ఇల్లు దాటే చోట ఉంది. కేబుల్ కనెక్షన్లలో లోపలికి వచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి ఇరుకు. మాది 10 మెగాబిట్లే. (ఫైబర్‌లో చాలా ప్లాన్లకు రెండూ సమానం.) ఆ ఇరుకు దారిలోనే తలుపు కెమెరా, నా ఫోను ఫోటోలు, బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాళ్ళ వీడియోలు, వాటన్నిటి వెనక మా అమ్మాయి గొంతు.

మీరూ పరీక్ష చేయవచ్చు. ఇల్లు నిద్రపోయాక దగ్గరి సర్వర్‌కు పింగ్ పంపండి. తర్వాత పెద్ద ఫైలు పైకి పంపుతూ మళ్ళీ చూడండి. మా ఇంట్లో మొదటిది 20 మిల్లీసెకన్లు, రెండోది 600 దాటింది. ఒకవైపు మాట 150 మిల్లీసెకన్లలో చేరితే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ చెబుతుంది. మారిషస్ మనకు 15,000 కిలోమీటర్ల దూరం. గాజు తీగలో కాంతి సూటిగా పరుగెత్తినా 75 మిల్లీసెకన్లు పడుతుంది. సగం సముద్రమే తినేస్తే, మిగిలిన సగాన్ని ఇంట్లో పోగొట్టుకుంటామా?

కాబట్టి ముందు రౌటర్ చూడండి. అందులో "ఎస్‌క్యూఎం" అనో, "కేక్" అనో, "ఎఫ్‌క్యూ కోడెల్" అనో ఉంటే అదే మీకు కావలసింది. బయటికి పోయే వేగాన్ని అసలుకన్నా కొంచెం తక్కువ పెట్టాలి. నేను 10కి బదులు 9 పెట్టాను. అప్పుడు వరుస మోడెమ్‌లో కాకుండా రౌటర్‌లో ఏర్పడుతుంది. రౌటర్ చిన్న పొట్లాలను పెద్దవాటి వెనక నిలబెట్టదు. పింగ్ 30 దగ్గర ఆగింది.

రౌటర్‌లో అది లేకపోతే, మార్చడానికీ వీలు కాకపోతే, అప్పుడు స్మార్ట్ స్విచ్ పనికొస్తుంది. చాలా వాటిలో ఒక్కో రంధ్రానికి వేగం హద్దు పెట్టవచ్చు. బేస్‌మెంట్ తీగకు 4 మెగాబిట్ల హద్దు పెడితే మిగతాది పైవాళ్ళకు మిగులుతుంది. అయితే వైఫైలో ఉన్న ఫోన్లను ఆ హద్దు ఆపదు. అమ్మమ్మతో మాట్లాడే కంప్యూటర్‌కు వీలైతే తీగే పెట్టండి. బేస్‌మెంట్ అంతా ఒకే తీగ మీద ఉండి, అందులోనే పెద్ద ఫైళ్ళు అటూ ఇటూ తిరిగే ఇళ్ళలో కూడా వరుస మార్చే స్విచ్ కొనడం సబబే. మా ఇంట్లో ఆ అవసరం రాలేదు. స్విచ్ కొనలేదు.

ఇప్పుడు అమ్మమ్మ "ఏంటమ్మా?" అందంటే నిజంగానే తప్పు దొర్లిందన్నమాట. పోయిన ఆదివారం మా అమ్మాయి, "తాతయ్య వచ్చింది" అంది. ప్రతి అక్షరం మారిషస్ చేరింది. అమ్మమ్మ నవ్వి నవ్వి దగ్గింది. "వచ్చారు అనాలే! ఆయన వింటే అన్నం మానేస్తారు" అంది.